మోగని మెట్లు

మా బావగారు శశిభూషణ్ వంకాయలు కొనాలన్నా నలుగురిని సలహా అడిగే మనిషి. సీలింగ్ ఫ్యాను కొనడానికి వేసవంతా ఆలోచించి, తీరా కొని బిగించేసరికి తొలకరి పడింది. ఉద్యోగం ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో. కాలవలకి నీళ్ళు ఎప్పుడు వదలాలో తేల్చే పని ఆయనది కాదు కాబట్టి సరిపోయింది గానీ, ఆయనదే అయితే డెల్టా మొత్తం బీడైపోయేదని మొహం మీదే అనేదాన్ని. మరదల్ని కనక చెల్లిపోయేది. అలాంటి మనిషి ఒకరోజు భోజనాల దగ్గర పెరుగన్నం కలుపుకుంటూ, "పాపకి పియానో కొందాం" అన్నారు. అక్క చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

తొంభై ఆరు తుపాను వచ్చి వెళ్ళిన రెండో ఏడు అది. నేను రాజమండ్రిలో బి.ఎడ్. చదువుతూ ధవళేశ్వరంలో అక్కావాళ్ళింట్లోనే ఉండేదాన్ని. మా అక్క ఉమాశ్రీ, బావగారు, బావగారి అమ్మ సీతారామలక్ష్మిగారు, వీళ్ళందరికీ కలిపి ఒక్కతే పిల్ల, తొమ్మిదేళ్ళ శ్రీసుధ. మాది హార్మణీ పెట్టె తప్ప ఇంకో పెట్టె ఎరగని వంశం. పియానో అంటే మాకు సినిమాల్లో పెద్ద మేడ మెట్ల కింద ఉండే వస్తువు. దాని ముందు కూర్చున్నవాళ్ళకి కచ్చితంగా ఏదో ఒక కష్టం వస్తుంది.

శ్రీసుధ చదివే కాన్వెంటులో మాత్రం ఒక పాత పియానో ఉండేది. దాన్ని నేర్పే రూతు టీచర్‌ది నరసాపురం. ఆదివారాలు అక్కడి చర్చిలో ఆర్గన్ వాయిస్తుంది, మిగతా రోజులు ఇక్కడ పిల్లలకి నేర్పుతుంది. ఆవిడ బావగారిని స్కూలుకి పిలిపించి, "ఇలాంటి చేతులు నేను చూళ్ళేదండి. నేను వాయిస్తుంటే ఒక్కసారి చూస్తే చాలు, వేలు తప్పదు. మిగతా పిల్లలు తప్పు మెట్టు నొక్కి, నాలిక కరుచుకుని దిద్దుకుంటారండి. మీ పాప తప్పు నొక్కితేగా దిద్దుకోడానికి!" అందట. మద్రాసు నుంచి వచ్చి ఏటా పరీక్ష పెట్టేవాళ్ళున్నారు, ఈసారి దీన్ని కూర్చోబెడదాం అందట. పాప సాధనకని ఇంట్లో ఉంచిన చిన్న ఎలక్ట్రానిక్ కీబోర్డు ఇక చాలదట. దాని మెట్లు మరీ తేలిక, వేళ్ళకి బలం రాదట.

ఈ మాట విన్నాక బావగారు నేల మీద నడవలేదు. దానికో కారణం ఉంది. చిన్నప్పుడు ఆయనకి వయొలిన్ నేర్పిద్దామని వాళ్ళ నాన్నగారు ఒక మేస్టారి దగ్గర కూర్చోబెడితే, ఆ మేస్టారు నెల్లాళ్ళు ఓర్చుకుని, "మీవాడికి శ్రుతంటే ఏంటో ఈ జన్మకి తెలీదండి, అరటితోటకి నీళ్ళు పెట్టించుకోండి" అని పంపించేశాడు. ఆ ముల్లు ఇన్నేళ్ళూ బావగారి గుండెల్లో అలాగే ఉండిపోయింది. కూతురు సంగీతం నేర్చుకుంటే తప్ప అది ఊడి రాదని ఆయన నమ్మకం. ఆఫీసులో ఎవరు కనబడ్డా "మా అమ్మాయి పియానో..." అని మొదలెట్టేవారు. ఎదుటివాడు ఫైలు గురించి వచ్చాడన్న సంగతి కూడా మర్చిపోయేవారు.

పిల్లకి ఉన్నది ఒక్కటే లోపం అనుకునేవాళ్ళం. పరాకు. వంటింట్లోంచి పిలిస్తే పలకదు. ఎదురుగా నిలబడి పిలిస్తే బంగారంలా పలుకుతుంది. "కుక్కరు మూడు కూతలు వేశాక కట్టెయ్యవే" అని చెప్పి అక్క పెరట్లోకి వెళ్తే, కుక్కరు కూసి కూసి పప్పు మాడిపోయేది, ఇది ఆ పక్కనే కూర్చుని బొమ్మలు గీసుకుంటూ ఉండేది. ఓసారి సీతారామలక్ష్మిగారు తాంబూలం వేసుకుంటూ సున్నం తెమ్మంటే గిన్నెలో అన్నం తెచ్చి పెట్టింది. ఆ కబురు చుట్టాలందరిళ్ళకీ పాకింది. "ఏం సుధమ్మా, ఇవాళ సున్నంలోకి కూరేంటి?" అని వచ్చినవాళ్ళంతా నవ్వేవాళ్ళు. వాళ్ళని చూసి అదీ నవ్వేది. పెద్దావిడ పరాకు పోవడానికి రోజూ పరగడుపున సరస్వతీ ఆకు రసం పట్టించేవారు, దండకి తాయెత్తు కట్టించారు. ఏ ఇంట్లో చూసినా ఒక పరాకు పిల్ల ఉంటుంది, మా ఇంట్లో ఇది అనుకున్నాం.

రూతు టీచర్ పెద్దమ్మ రత్నమాణిక్యంగారింట్లో, నరసాపురంలో, రెండు పాత పియానోలు ఉన్నాయని తెలిసింది. రెంటిలో నచ్చింది ఇచ్చేస్తానన్నారు. ధర మాట కూడా టీచరే ముందుగా తేల్చేసింది. ఇక మా బావగారి సలహాల యాత్ర మొదలైంది. ఒకాయన చెక్కకి చెద పట్టిందేమో గోరుతో గీరి చూడమన్నాడు. ఇంకొకాయన వాసన చూడమన్నాడు. పియానోని కళ్ళతో చూసినవాడు ఆ ఆఫీసులో ఒక్కడూ లేడు. అయినా అందరూ చెప్పారు, ఈయన అందరివీ విన్నారు. ఒక ఆదివారం మధ్యాహ్నం బావగారు, అక్క, నేను, సుధ పాలకొల్లు మీదుగా బస్సులో నరసాపురం దిగాం. రూతు టీచర్ చర్చి నుంచి తిన్నగా బస్టాండుకే వచ్చింది.

రత్నమాణిక్యంగారిది లేసుల వ్యాపారం. వీధి వసారాలో ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుని చేతులు చూసుకోకుండానే కబుర్లాడుకుంటూ లేసు అల్లుతున్నారు. లోపల కుర్చీల మీద లేసు, రేడియో మీద లేసు, కూజా మీద లేసు. హాల్లో ఎదురెదురు గోడలకి ఆనించి రెండు పియానోలు, వాటి మీద కూడా లేసు దుప్పట్లు. పూర్వం ఆ ఊళ్ళో ఉన్న దొరల కుటుంబాలు వెళ్ళిపోతూ ఈవిడ అమ్మగారికి ఇచ్చిపోయినవట.

"రండి బాబూ, ఎండన పడి వచ్చారు. మజ్జిగ తాగి అప్పుడు చూద్దురుగాని" అన్నారు ఆవిడ.

"ఆయ్, అలాగేనండి" అంటూనే బావగారు ఒక పియానో దగ్గరికి వెళ్ళి గోరుతో గీరేశారు. తర్వాత కొబ్బరికాయ ఎంచుకునేవాడిలా దాని పొట్టకి చెవి ఆనించి వేళ్ళతో తట్టారు. నేను అక్క వెనక్కి వెళ్ళి పైట నోట్లో కుక్కుకున్నాను. మరదలి నవ్వు బావగారికి తెలియకుండా ఉంటుందా! "నవ్వు, నవ్వు. రేపు కచేరీకి టిక్కెట్టు ఇవ్వను" అన్నారు.

రత్నమాణిక్యంగారు దుప్పట్లు తీశారు. ఒకటి నల్లది, బీరువాలా సాదాగా ఉంది. రెండోది ఎర్రటి చెక్క, ముందు పలక నిండా ద్రాక్షగుత్తుల నగిషీ, రెండు పక్కలా కొవ్వొత్తులు పెట్టుకోవడానికి ఇత్తడి కొమ్మలు. శ్రీసుధ దాన్ని చూసి నోరు తెరిచి, అటే వెళ్ళి ఆ ద్రాక్షపళ్ళ మీద వేలు రాస్తూ నిలబడిపోయింది.

రత్నమాణిక్యంగారు సుధ వీపు వెనక నుంచే చెప్పారు. "ఆ నగిషీదాని జోలికి పోకండి బాబుగారూ. అది చూపులకే. ఎడం పక్కవన్నీ మోగుతాయి గానీ, కుడి పక్క చివర పై మెట్లున్నాయి చూశారూ, వాటి లోపల ఎలకలు మొత్తం కొట్టేసినియ్యి. నొక్కితే టకటకమని చెక్క చప్పుడే తప్ప నాదం లేదు. ఆ నల్లదే తీసుకోండి. మొన్ననే ఏలూరు నుంచి మనిషిని పిలిపించి శ్రుతి చేయించాను."

"పాపా, కూర్చో. ఏదీ, మన వాన పాట వాయించు" అంది రూతు టీచర్ దాని భుజం తట్టి. సుధ ఇంక ఆలోచించకుండా ఆ ఎర్ర పియానో ముందే కూర్చుంది.

వాన పాట అంటే పరీక్ష కోసం టీచర్ నేర్పినది. ఎడమ చేతి కింద ఉరుములు. కుడిచెయ్యి మెల్లగా పైకి పైకి వెళ్ళి, చివరి మెట్ల మీద చినుకులు రాలుస్తుంది. సుధకి ఉరుములంటే ఇష్టం. అలవాటు ప్రకారం పొట్ట పియానోకి ఆనించుకుని మొదలుపెట్టింది. నిజంగానే మబ్బు గర్జించినట్టు మోగింది. అక్క నా చెయ్యి పట్టుకుంది. తర్వాత కుడిచెయ్యి పైకి వెళ్ళింది. టక్, టక్, టకటక. చినుకుల చోట ఒక్క స్వరం లేదు, వట్టి చెక్క. అయినా అది ఆగలేదు. వేళ్ళు పద్ధతిగా, ఒకదాని వెనక ఒకటి, ఎంత ముద్దుగా ఆడుతున్నాయో. మొహంలో చిరునవ్వు. ఆ వట్టి టకటకల్ని ఎక్కడ మెల్లగా, ఎక్కడ గట్టిగా నొక్కాలో అలా నొక్కుతూ పాట మొత్తం పూర్తి చేసింది.

మేం నవ్వాపుకోలేకపోయాం. పిల్ల వేళాకోళం చేస్తోందనుకున్నాం.

అది మావైపు తిరిగింది. "నాన్నా, ఇదే కొందాం. ఇదే బావుంది."

"బావుందేంటే! సగం మోగితేగా?" అన్నారు బావగారు నవ్వుతూ.

"మోగిందిగా?"

"ఎక్కడ మోగింది? చినుకులేవీ? ఈ పక్క మెట్లు మోగలేదు కదా!"

సుధ ఆయన్ని జాలిగా చూసింది. పెద్దవాళ్ళకి తెలియని సంగతి పిల్లలు ఓపిగ్గా చెప్తారే, అలా చెప్పింది. "అవి మోగవు నాన్నా. ఏ పియానోకీ మోగవు. స్కూల్లో దానికీ మోగవు. అవి చేతులు అందంగా ఆడటానికి."

బావగారు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. అక్కా నవ్వుతూనే ఉంది. రూతు టీచర్ నవ్వు మాత్రం ఆగిపోయింది. ఆవిడ మొహంలో నెత్తురు లేదు. ఎందుకో మాకింకా తెలీదు.

టీచర్ సుధ చెయ్యి పట్టుకుని నల్ల పియానో దగ్గరికి తీసుకెళ్ళింది. దాని ఎదురుగా వంగి చెప్పింది. "ఒక ఆటాడదాం. నేను ఒక్కో మెట్టూ నొక్కుతాను. వినపడినంతసేపూ చెయ్యెత్తే ఉంచు. వినపడకపోతే దించెయ్యి. వెనక్కి చూడకూడదు, సరేనా?"

దాన్ని మాకూ పియానోకీ వీపు పెట్టి కిటికీకేసి చూసేలా నిలబెట్టి, కింది మెట్టు నుంచి మొదలుపెట్టింది. సుధ చెయ్యి పైకి లేచింది. టీచర్ వేలు ఒక్కొక్క మెట్టే ఎక్కుతోంది. ఆ పియానో ఎంత బాగా పలుకుతోందంటే, వసారాలో ఆడవాళ్ళు కూడా కబుర్లాపి విన్నారు. మధ్య మెట్లు దాటింది. ఇంకా పైకి వెళ్ళింది. గొంతులు సన్నబడుతూ, గాజుల్లా గలగలమంటున్నాయి. సుధ చెయ్యి ఒకసారి తడబడింది, మళ్ళీ లేచింది, తర్వాత మెల్లగా దిగిపోయింది.

టీచర్ ఆపలేదు. టింగ్. టింగ్. మాకందరికీ స్పష్టంగా వినపడుతోంది. సుధ మాత్రం కిటికీలోంచి వీధిలో వెళ్తున్న ఎడ్లబండిని చూస్తూ, ఆట అయిపోయింది కదా అన్నట్టు గోళ్ళు కొరుక్కుంటోంది. టీచర్ చివరి మెట్టుని కోపం వచ్చినదానిలా మళ్ళీ మళ్ళీ కొట్టింది. పిల్ల కదల్లేదు.

బావగారి చేతిలో మజ్జిగ గ్లాసు వంగి, మజ్జిగ ఆయన చొక్కా మీద పడుతోంది. ఆయనకది తెలియలేదు. నా చెవుల్లో మా ఇంటి కుక్కరు కూసినట్టయింది.

సుధ విసుగొచ్చి వెనక్కి తిరిగింది. టీచర్ వేలు ఇంకా చివరి మెట్టు మీద పడి లేస్తోంది. అది చూసి మా మొహాలు చూసింది. ఒక్కొక్కరివీ వరసగా చూసింది.

"టీచర్, ఊరికే నొక్కుతున్నారా?"

టీచర్ తల అడ్డంగా ఊపింది.

"ఇప్పుడది మోగుతోందా?"

"మోగుతోందమ్మా" అంది రూతు టీచర్.

"నాన్నా, నీకు వినపడుతోందా?" ఆయన తలూపారు. "అమ్మకీ? పిన్నికీ?" మేమూ తలూపాం. ఆ లేసులల్లే ఆడవాళ్ళవైపు కూడా వేలు చూపించింది. "అందరికీనా?"

దాని కింది పెదవి వణికింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. కోపం వచ్చింది దానికి.

"అందరికీ వినపడుతుంటే మరి నాకెందుకు చెప్పలేదు?"

అక్క అక్కడే నేల మీద కూలబడిపోయింది. నేను జన్మలో ఎన్నో మాటలు పడ్డాను, చాలా మాటలు అన్నాను కూడా. అంత దెబ్బ ఏ మాటా కొట్టలేదు. తొమ్మిదేళ్ళు ఒకే ఇంట్లో ఉండి, ఒకే పళ్ళెంలో తినిపించి, ఒక్కరికి, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళకి అనుమానం రాలేదు. పరాకు అనే రెండు గజాల గుడ్డ ఒకటి దొరికింది, అందరం కలిసి దాన్ని పిల్ల మీద కప్పేశాం.

ఇంటికెళ్ళి సీతారామలక్ష్మిగారితో అక్కే చెప్పింది. పెద్దావిడ తాంబూలం నముల్తూ వింది, సగంలో నమలడం ఆగిపోయింది.

"అయితే ఆ రోజు..." అందావిడ. "నేను సున్నం అంటే దానికి అన్నం అని వినపడిందా? నాన్నమ్మకి ఆకలేసిందనుకుని తెచ్చిందా నా తల్లి? కంచం కూడా తెచ్చింది, మంచినీళ్ళు కూడా తెచ్చింది. నేనేమో ఊరందరికీ చెప్పి నవ్వించాను." తాంబూలం పెరట్లో ఉమ్మేసి వచ్చి, మంచం మీద అటు తిరిగి పడుకుంది. ఆ పూట అన్నం ముట్టలేదు.

కాకినాడలో చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. లోపల ఒక చిన్న అద్దాల గది. చప్పుడు బయటికి పోదు, లోపలికి రాదు. అందులో సుధని కూర్చోబెట్టి చెవులకి ఫోన్లు తగిలించి చాలాసేపు పరీక్ష చేశారు. పరీక్ష అయ్యాక, దాన్ని అందులోనే ఉంచి, డాక్టరుగారు అద్దం ఇవతల మాతో మాట్లాడారు. మంచాయనే. చెప్పాల్సింది నాన్చకుండా చెప్పారు.

"సన్నటి శబ్దాలు ఇప్పటికే పోయాయండి. స, చ, ష లాంటివి వినపడవు. ఎదుటివాళ్ళ పెదాలు చూసి అందుకుంటోంది, అందుకే మీకింతకాలం తెలీలేదు. మిషను పెడితే మాటలకి సాయంగా ఉంటుంది. కానీ ఒకటి చెప్తాను, గుండె దిటవు చేసుకోండి. ఇది ఇక్కడితో ఆగే రకంలా లేదు. పై నుంచి కిందికి, కొంచెం కొంచెంగా, ఏళ్ళు గడిచేకొద్దీ ఇంకా తగ్గచ్చు."

"ఎంత తగ్గచ్చండి?" అడిగింది అక్క.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నేను అద్దంలోకి చూశాను. సుధ లోపల బుద్ధిగా చేతులు కట్టుకుని కూర్చుని మావైపే చూస్తోంది. నేను నవ్వాను. అదీ నవ్వింది. ఈ సంగతి దాని చెవిన వెయ్యకూడదని, పెద్దయ్యాక చూసుకుందామని దారిలో మేం ముగ్గురం ఒట్టు పెట్టుకున్నాం, ఇంటికొచ్చాక పెద్దావిడ చేత కూడా పెట్టించాం.

ఇక పియానో మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. బావగారు మనిషి మారిపోయారు. ఎవరి సలహా అడగకుండానే ఒకరోజు తేల్చేశారు. "వద్దులే. రూతు టీచర్‌కి కబురు పెట్టేస్తాను. చెవులు వినపడని పిల్లకి పియానో కొన్నాడని ఊరంతా నవ్వుతుంది."

మంచం మీద పడుకున్న పెద్దావిడ దిగ్గున లేచి కూర్చుంది. "నవ్వనీరా! దానికేం, ఆ నవ్వు వినపడదుగా!"

మేం కొయ్యబారిపోయాం. మనవరాలి గురించి ఆ మాట నాన్నమ్మ నోటి నుంచి వస్తుందని ఎవరనుకుంటారు? అన్నాక ఆవిడే చెంగుతో నోరు మూసుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే కొడుకుని వదలలేదు. "నీకు సంగీతం రాలేదని నీ బాధ. దాని బాధ వేరు. నీ ముల్లు తియ్యడానికి దాన్ని కన్నావంట్రా? దానికేం కావాలో దాన్ని అడిగావా?"

బావగారు వెళ్ళి కూతురి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నారు. దానికి కనపడేలా, పెదాలు బాగా కదిపి అడిగారు. "పియానో కావాలా నాన్నా?"

"నల్లది" అంది సుధ వెంటనే. "మోగేది."

ముందు చెవి మిషను వచ్చింది, ఆ తర్వాత వారం పియానో వచ్చింది. నరసాపురం నుంచి వ్యానులో తెచ్చి ఆరుగురు మోస్తే గానీ గడప దాటలేదు. హాల్లో సోఫా వీధి అరుగు మీదికి పోయింది. కొత్త స్కూటరుకి చేసినట్టే అక్క దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, గుమ్మంలో కొబ్బరికాయ కొట్టింది. రూతు టీచర్ కూడా వచ్చింది, చేతులు కట్టుకుని నిలబడి చూసి, కొబ్బరిముక్క తీసుకుని తింది. బావగారు ఆ పూట సెలవు పెట్టారు. మళ్ళీ పాత హడావిడి తెచ్చిపెట్టుకుని, ఇటు జరపండి, అటు జరపండి అని తిరుగుతున్నారు గానీ, కళ్ళు మాత్రం పిల్ల మీద నిలవడం లేదు.

సుధ స్టూలు లాక్కుని కూర్చుంది. చెవి వెనక మిషను సరిచేసుకుంది. పాట వాయించలేదు. ఎడమ చివర నుంచి ఒక్కో మెట్టూ నొక్కుతూ, తల పక్కకి వంచి, పూర్తిగా ఆగిపోయేదాకా విని, అప్పుడు పక్క మెట్టుకి వెళ్తోంది. అలా చాలా పైకి వెళ్ళింది. మిషను పుణ్యమా అని నరసాపురంలో చెయ్యి దించేసిన చోటు కూడా దాటింది. ఒక చోట ఆగింది. ఆ మెట్టు మళ్ళీ నొక్కింది. దాని పక్కది నొక్కింది. వెనక్కి వచ్చింది. లేచి, అక్క చేతిలో కుంకుమ భరిణెలో వేలు ముంచి, ఆ తెల్లటి మెట్టు మీద బొట్టు పెట్టింది.

"అయ్యో, దాని మీద ఎందుకే? మరక పోదు" అన్నారు బావగారు.

"పోకూడదనే పెట్టాను. ఇక్కడిదాకా వినపడుతోంది నాకు." వేలు తుడుచుకుంటూ అంది. "కొన్నాళ్ళయ్యాక ఇంకో బొట్టు పెట్టాలి కదా, దీనికి కిందన."

అక్క చేతిలో భరిణె కింద పడి కుంకుమంతా నేల పాలైంది. నేను పెద్దావిడకేసి చూశాను, ఆవిడ నోరు జారిందేమోనని. ఆవిడా నాకేసే చూస్తోంది.

"కిందన ఎందుకు? ఎవరు చెప్పారే నీకు?" అన్నారు బావగారు.

"డాక్టరుగారే చెప్పారుగా. పై నుంచి కిందికి తగ్గుతుందని."

"నువ్వు ఆ అద్దాల గదిలో ఉన్నావు కదమ్మా! చీమ చప్పుడు కూడా వినపడని గది అది. ఎలా విన్నావు?"

"వినలేదు నాన్నా" అంది సుధ. "చూశాను."

ఆ రోజు నేను నవ్వితే అది తిరిగి నవ్వింది. అన్నీ తెలిసి నవ్వింది. మేం బాధపడతామని ఇన్నాళ్ళూ మా దగ్గర దాచింది. బావగారు కూతురి తల మీద చెయ్యి వెయ్యబోయి, వెయ్యలేక, గాల్లోనే ఆపేశారు.

సుధ మమ్మల్ని పట్టించుకోలేదు. రూతు టీచర్ కొంగు పట్టుకుని లాగి, స్టూలు మీద పక్కన చోటిచ్చింది. బొట్టు పెట్టిన మెట్టు మీద వేలుంచి చెప్పింది.

"టీచర్, పైవి ముందు నేర్పండి. కిందివి ఇంకా చాన్నాళ్ళుంటాయి."